హోమియో, ఆక్యుపంక్చర్‌లను పరీక్షించడమే ఉద్యోగంగా పెట్టుకుంటే బతకగలమా?

మోకాలిచిప్ప (ప్రశ్న)

నేను ఫిజియోథెరపిస్టుని. నడుంనొప్పి మీద పీహెచ్‌డీ చేశాను, ఇంకో రెండు నెలల్లో వైవా. నా థీసిస్ అంతా ఒకే చిక్కు చుట్టూ తిరిగింది. చేత్తో చేసే వైద్యంలో పేషెంటుకి అనుమానం రాకుండా ఉత్తుత్తి వైద్యం చెయ్యడం ఎలా? వినడానికి మోసంలా ఉంటుంది. కానీ పక్కన ఆ ఉత్తుత్తిది లేకపోతే అసలుది ఎంత పనిచేసిందో చెప్పలేం.

ఈ మధ్య మూడేళ్ల రీసెర్చ్ పోస్టు ఒకటి చేతికొచ్చింది. ఆక్యుపంక్చర్, హోమియో, మూలికా మందులు, వెన్నెముకని చేత్తో సర్దే కైరోప్రాక్టిక్ లాంటివాటికి ట్రయల్స్ పెట్టే చిన్న యూనిట్. డబ్బులిచ్చేది ఒక ట్రస్టు. ఇంటర్వ్యూలో అందరూ బాగానే మాట్లాడారు. చివర్లో ట్రస్టు తరఫున వచ్చిన పెద్దాయన మాత్రం "వీటిలో ఉన్న మంచిని సైన్సు భాషలో లోకానికి చెప్పేవాళ్లు కావాలమ్మా" అన్నారు. అప్పటికి తల ఊపి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా గైడ్‌ని అడిగితే, "అటు మామూలు డాక్టర్లు నిన్ను లెక్కలో వేసుకోరు, ఇటు వీళ్లకి శత్రువువవుతావు. రెంటికీ చెడ్డ రేవడిలా మిగులుతావు" అన్నారు. ఎర్న్‌స్ట్ కథ చదువుకోమని కూడా చెప్పారు. చదివాను. బ్రిటన్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీలో 1993లో ప్రత్యామ్నాయ వైద్యానికి ప్రొఫెసర్ అయిన జర్మన్ డాక్టర్, ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్. అలాంటి పీఠం ప్రపంచంలో అదే మొదటిదట. చదివాక భయం ఎక్కువైందో, చేరాలన్న కోరిక ఎక్కువైందో నాకే అర్థం కావట్లేదు.

ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. రోజువారీ పని ఎలా ఉంటుంది? ఎవరైనా వింటారా? ఆ పెద్దాయన మాట విన్నాక కూడా చేరితే తెలివితక్కువతనమా?

నీటిబొట్టు

ఇందులో పరీక్షించడానికి ఏముందండీ? హోమియోలో 30 సి అంటే ఒకటి పక్కన అరవై సున్నాలు పెట్టినన్ని వంతులు పలచన చేసిన మందు. అసలు పదార్థం తాలూకు అణువు ఒక్కటి మిగలదు. నీళ్లు నీళ్లే. మూడేళ్ల జీవితం పెట్టి నీళ్లు నీళ్లేనని తేల్చడం దేనికి? ఇంకేదైనా చూసుకోండి.

ఇలాంటిదే ఇంకో వైద్యం సంగతి తొమ్మిదేళ్ల పిల్ల తేల్చేసింది. అమెరికాలో ఎమిలీ రోసా అనే అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుగా ఒక అట్ట అడ్డం పెట్టింది. మనిషి శక్తిని చేతులతో పసిగడతామనే వైద్యులని 21 మందిని కూర్చోబెట్టి, "నా చెయ్యి మీ ఏ చేతి దగ్గరుందో చెప్పండి" అంది. 280 సార్లు అడిగితే సరిగ్గా చెప్పింది 44 శాతం. బొమ్మాబొరుసు వేసినా అంతకంటే మేలు. 1998లో అది అమెరికా వైద్య సంఘం జర్నల్‌లో అచ్చయింది. ప్రొఫెసర్లు, పీఠాలు అక్కర్లేదు, అట్టముక్క చాలు.

పాతలెక్కలు

నీటిబొట్టు గారూ, అట్టముక్క కథ నాకూ ఇష్టమే. కానీ అది సరిపోయింది ఎందుకంటే ఆ వైద్యులు చెప్పుకున్నది అట్టతో పరీక్షించగలిగే మాట. "నా నడుంనొప్పి తగ్గింది" అనే మాటకి అట్ట ఎక్కడ అడ్డం పెడతారు?

అమ్మా మోకాలిచిప్పా, నేను స్టాటిస్టిక్స్ మనిషిని. పంతొమ్మిదేళ్లు ఇలాంటి ట్రయల్స్‌కి లెక్కలు చూశాను, రివ్యూలు రాశాను. రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడెవరికీ భయపడక్కర్లేదు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు ఎర్న్‌స్ట్ సంగతి. చాలామంది ఆయన్ని పుట్టుకతోనే హోమియో వ్యతిరేకి అనుకుంటారు. అది తప్పు. డాక్టరయ్యాక ఆయన మొదటి ఉద్యోగం మ్యూనిక్‌లో హోమియో వైద్యం చేసే ఆసుపత్రిలోనే. అక్కడ జబ్బులు తగ్గడం కళ్లారా చూశాడు. తర్వాత వియన్నాలో ప్రొఫెసర్ ఉద్యోగం వదులుకుని ఎక్సెటర్ వచ్చాడు. ఆ పీఠానికి డబ్బు పెట్టింది మారిస్ లైంగ్ అనే నిర్మాణ రంగపు వ్యాపారి, 15 లక్షల పౌండ్లు. చుట్టూ ఉన్న ప్రత్యామ్నాయ వైద్యులందరూ "మన తరఫున మాట్లాడే ప్రొఫెసర్ వచ్చాడు" అనుకున్నారు. ఆయనేమో మందుల కంపెనీ మాత్రకి ఏ పరీక్ష పెడతారో వీటికీ అదే పెట్టాడు. గొడవకి మూలం ఇక్కడే ఉంది. నీ పెద్దాయన మాట కూడా అక్షరాలా అదే గొడవ.

రోజువారీ పని అడిగావు. తొంభై శాతం విసుగు. ఒక వైద్యం మీద ప్రపంచంలో జరిగిన ట్రయల్స్ అన్నీ పోగెయ్యాలి. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లారో చీటీ తీసినట్టు ఎంచారా, మధ్యలో మానేసినవాళ్లని ఏం చేశారు, ఎవరికి ఏది ఇస్తున్నారో ఎవరెవరికి తెలుసు... వీటిని ఇద్దరు విడివిడిగా మార్కులేసి, తర్వాత పోల్చుకుని పోట్లాడుకోవాలి. నా జీవితంలో సగం పోట్లాటలు "మిగిలినవారు" అన్న ఒక్క మాట చుట్టూ జరిగాయి. ట్రయల్‌లో మిగిలినవారికి బాగుంది అంటారు. వదిలేసి వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారో ఎక్కడా ఉండదు.

మిగతా పది శాతం మాత్రం పండగ. నువ్వు చేసిన థీసిస్ సరిగ్గా అదే కాబట్టి ఆశ పుట్టింది నీకు. ఆక్యుపంక్చర్‌లో ఏళ్ల తరబడి ఇదే సమస్య. సూది దిగిందో లేదో పేషెంటుకి తెలీకుండా ఎలా? 1998లో హైడెల్‌బర్గ్‌లో స్ట్రైట్‌బెర్గర్ అనే డాక్టర్ ఒక సూది చేశాడు. నాటకాల్లో పొడిచే కత్తి తెలుసుగా, మొన మొద్దుగా ఉండి, నొక్కితే పిడిలోకి దూరిపోతుంది. అలాంటిదే. చర్మానికి తగిలి చురుక్కుమంటుంది, కళ్లకి లోపలికి దిగినట్టే కనిపిస్తుంది, దిగదు. ఎక్సెటర్‌లో కూడా పార్క్ అనే కొరియా పరిశోధకుడు ఇలాంటి సూది తయారుచేశాడు. నేను మొదటిసారి నా ముంజేతికి పెట్టించుకున్నప్పుడు, చెప్పి మరీ పెట్టినా సరే, దిగిందనే ప్రమాణం చేసేవాణ్ణి.

మరి ఫలితం? నీ సబ్జెక్టే కాబట్టి నీకు తెలిసే ఉంటుంది, మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. 2007లో జర్మనీలో నడుంనొప్పి పేషెంట్లు 1,162 మందితో పెద్ద ట్రయల్ అచ్చయింది. ఆరు నెలలకి అసలు ఆక్యుపంక్చర్ గ్రూపులో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. ఆక్యుపంక్చర్ బిందువులు కాని చోట్ల పైపైన సూదులు గుచ్చిన గ్రూపులో 44.2 శాతం. మామూలు మందులు, వ్యాయామం ఇచ్చిన గ్రూపులో 27.4 శాతం. ఈ మూడు అంకెలతో ఎవరికి కావలసిన కథ వాళ్లు చెప్పుకోవచ్చు. "మామూలు వైద్యం కంటే రెట్టింపు దాకా పనిచేసింది" అని ఒకరు. "ఎక్కడ గుచ్చినా ఒకటే, మరి ఆ బిందువులూ నాడులూ ఏమైనట్టు?" అని ఇంకొకరు. రెండూ నిజమే. మొదటి మాట పోస్టర్ మీదకెక్కుతుంది, రెండోది పేపర్ ఎనిమిదో పేజీలో ఉంటుంది.

ఆధ్యాత్మిక శక్తితో నయం చేస్తామనేవాళ్ల మీద కూడా ఎక్సెటర్ బృందం ట్రయల్ చేసింది. దీర్ఘకాలం నొప్పులున్న 120 మంది పేషెంట్లు. ఉత్తుత్తి వైద్యం చెయ్యడానికి మనుషులు కావాలిగా, నటులని పెట్టి వైద్యుల్లా కదలడం నేర్పించారు! నొప్పి రెండు గ్రూపుల్లోనూ తగ్గింది. తేడా మాత్రం తేలలేదు. ఆ నటులకి ఏమనిపించి ఉంటుందా అని నాకు ఎప్పుడూ కుతూహలం. మనసులో వేరే ఏదో ఆలోచించుకుంటూ చేతులు కదిపితే, ఎదుటివాళ్లకి ఏళ్ల నొప్పి తగ్గిందంటే!

ఇక దెబ్బలు. 2005లో ప్రిన్స్ ఛార్ల్స్ చేయించిన ఒక నివేదిక వచ్చింది, ప్రత్యామ్నాయ వైద్యం వాడితే ప్రభుత్వానికి డబ్బు మిగులుతుందని. పూర్తి కాకముందే దాని డ్రాఫ్టు పేపర్‌కెక్కింది. ఎర్న్‌స్ట్ దాన్ని బహిరంగంగా దుయ్యబట్టాడు. రహస్యంగా ఉంచాల్సిన డ్రాఫ్టు గురించి బయట మాట్లాడాడని ప్రిన్స్ ప్రైవేట్ సెక్రటరీ యూనివర్సిటీకి ఫిర్యాదు రాశాడు. పదమూడు నెలలు విచారణ జరిగింది. చివరికి తప్పేమీ తేల్చలేదు, కానీ ఆయన చెప్పేదాని ప్రకారం ఆ పదమూడు నెలల్లోనే యూనిట్‌కి నిధులు ఎండిపోయాయి. 2011లో ముందస్తు రిటైర్మెంట్ తీసుకున్నాడు. 2015లో జాన్ మాడాక్స్ బహుమతి ఇచ్చారు, ఎదురుదెబ్బలు తట్టుకుని సైన్సు తరఫున నిలబడ్డవాళ్లకి ఇచ్చేది. బహుమతి వచ్చింది గానీ యూనిట్ తిరిగి రాలేదు.

నాది అంత గొప్ప కథ కాదు. ఒక్కటి చెప్తాను. కీళ్లనొప్పులకి ఒక మూలికా లేపనం ట్రయల్. లెక్కలు పూర్తయ్యాయి. గ్రూప్ ఎ, గ్రూప్ బి అని రెండు నిలువు వరసలు, ఏది మందో ఏది ఉత్తదో సీలు వేసిన కవర్లో ఉంది. నాదొక పాత అలవాటు. కవరు చించకముందే "ఎ మందైతే ఏం రాస్తాం, బి మందైతే ఏం రాస్తాం" అని రెండు పేరాలు రాయించి, అందరిచేతా సంతకాలు పెట్టిస్తాను. తర్వాత ఎవరూ మాట మార్చలేరు. ఆ రోజు ఎ, బి మధ్య తేడా గోరంత. కాబట్టి రెండు పేరాలూ ఇంచుమించు ఒకలాగే ఉన్నాయి. నిధులిచ్చిన సంస్థ తరఫున వచ్చినాయన చాలా మంచివాడు, వాళ్లావిడ మోకాళ్లు ఆ లేపనంతోనే కుదుటపడ్డాయని నమ్మేవాడు. ఆయన సంతకం పెట్టాల్సిన చోట పెన్ను ఆనించి, అలాగే ఆగిపోయాడు. ఇంకు చుక్క కాగితం మీద పాకడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "కవరు వచ్చే మీటింగ్‌లో చింపుదామా" అన్నాడు. వచ్చే మీటింగ్ పదకొండు నెలల తర్వాత జరిగింది. పేపర్ ఇంకా ఏడాదిన్నరకి, చిన్న జర్నల్‌లో వచ్చింది. అబద్ధం ఎవరూ ఆడలేదు. ఆలస్యం చేశారంతే.

అందుకని జవాబు: పెద్దాయన అలా అన్నాడని పోస్టు వదులుకోకు. మనసులో మాట ముందే చెప్పేశాడు, అది మేలే. మాట కాదు, కాగితం చూడు. ఫలితాలు అచ్చువేయడం ఎవరి చేతిలో ఉందో కాంట్రాక్టులో వెతుకు.

గోళీలపెట్టె

నేను హోమియో డాక్టర్‌ని, ఇరవై ఆరేళ్ల ప్రాక్టీసు. పాతలెక్కలు గారు మర్యాదగా రాశారు కాబట్టి నేనూ మర్యాదగానే అడుగుతాను. ఒకే తలనొప్పికి మేం పది మందికి పది మందులిస్తాం. మీ ట్రయల్స్‌లో జబ్బు పేరు చూసి అందరికీ ఒకే మందు ఇస్తారు, పనిచెయ్యలేదంటారు. చేపని చెట్టెక్కమని మార్కులేసినట్టు కాదా అది?

ఇంకో సంగతి. మేం ఒక్కో పేషెంటు దగ్గర గంట కూర్చుంటాం. నిద్ర, కలలు, భయాలు, అన్నీ అడుగుతాం. ఎన్నో చోట్ల తిరిగి, ఎవరూ తలెత్తి చూడక, ఆఖరికి మా దగ్గరికొస్తారు. వాళ్లకి తగ్గడం నేను చూశాను. ఎర్న్‌స్ట్ గారికి నా పేషెంట్లు ఎదురుపడలేదు. మొదటే తీర్పు రాసేసుకుని సాక్ష్యాలు వెతికే మనిషాయన.

పాతలెక్కలు

డాక్టర్ గారూ, మీ మొదటి ప్రశ్న న్యాయమైనదే. దానికి తగ్గ ట్రయల్స్ కూడా జరిగాయి. 2003లో ఎక్సెటర్ వాళ్లే ఉబ్బసం ఉన్న 96 మంది పిల్లలతో చేశారు. హోమియో డాక్టర్లు ఒక్కో పిల్లని విడిగా చూసి, తమకి నచ్చిన మందు తామే రాశారు. మధ్యలో మార్చుకునే వీలు కూడా ఉంది. మందిచ్చేచోట మాత్రం సగం మందికి అసలుది, సగం మందికి ఉత్తది. ఏడాది తర్వాత పిల్లల పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. డాక్టర్ ఎంపికని ఎవరూ ముట్టుకోలేదు. చివరి గోళీ ఒక్కటే మారింది.

రెండో సంగతిలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. 2011లో సౌతాంప్టన్ వాళ్లు కీళ్లవాతం ఉన్న 83 మందిని తీసుకుని, గంటసేపు మాట్లాడటాన్నీ గోళీనీ విడదీసి చూశారు. కన్సల్టేషన్ జరిగినవాళ్లకి మేలు కనిపించింది. గోళీ అసలుదైనా ఉత్తదైనా తేడా లేదు. అంటే మీ చేతిలో నిజంగానే ఏదో ఉంది, కాకపోతే అది పెట్టెలో లేదు. నేను ఎగతాళికి అనట్లేదు. మామూలు డాక్టర్లకి అంతసేపు ఎందుకు దొరకదు అన్నది ఈ రంగం అడగాల్సిన అసలు ప్రశ్న, అడిగేవాళ్లు తక్కువ.

"ముందే తీర్పు రాసుకున్నాడు" అన్నారు. సెయింట్ జాన్స్ వర్ట్ సంగతి చూడండి. మామూలు స్థాయి డిప్రెషన్‌కి ఆ మూలిక ఉత్త మాత్ర కంటే బాగా పనిచేస్తుందని ట్రయల్స్ చెప్పాయి, ఎర్న్‌స్ట్ కూడా అదే రాశాడు, ఇప్పటికీ కాదనలేదు. నిజంగా పనిచేసే మూలిక కాబట్టే నిజంగా హాని కూడా చెయ్యగలదు. గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరు పేషెంట్లు దాన్ని వాడితే, కొత్త గుండెని శరీరం తిరస్కరించకుండా కాపాడే సైక్లోస్పోరిన్ మందు స్థాయి రక్తంలో పడిపోయింది. 2000లో అచ్చయిన కేసులవి. "మూలికేగా, ఏం చేస్తుందిలే" అనుకునేవాళ్లకి ఆ పేజీ చూపిస్తుంటాను.

నీటిబొట్టు

సరే, నా మొదటి పోస్టు తొందరపాటే. సౌతాంప్టన్ సంగతి నాకు తెలీదు. కానీ ఒక డౌటు. మామూలు వైద్యం ఒక గ్రూపుకి, మామూలు వైద్యంతో పాటు ప్రత్యామ్నాయం కూడా ఇంకో గ్రూపుకి ఇచ్చి పోలుస్తారుగా. అదీ ట్రయలేగా, తప్పేంటి?

పాతలెక్కలు

ఎర్న్‌స్ట్‌కి మహా ఒళ్లుమంట తెప్పించే డిజైన్ అది. ఒకడి జేబులో నీ జీతం ఉంది. ఇంకొకడి జేబులో నీ జీతంతో పాటు ఒక రూపాయి ఉంది. ఎవరి దగ్గర ఎక్కువుందో చెప్పడానికి ట్రయల్ కావాలా? అదనపు శ్రద్ధ, అదనపు నమ్మకం ఉన్నవైపు అంకె పైకే వెళ్తుంది. ఓడిపోవడానికి దాదాపు వీల్లేని పరీక్ష అది. అమ్మాయీ, ఆ యూనిట్‌లో రాబోయే ట్రయల్స్ ఏ డిజైన్‌వో కూడా అడుగు. అన్నీ ఈ రకమే అయితే నీ థీసిస్‌తో వాళ్లకి పని లేదు.

మోకాలిచిప్ప

అందరికీ థాంక్స్. గోళీలపెట్టె గారికి కూడా, మీరు రాయకపోతే సౌతాంప్టన్ మాట వచ్చేది కాదు.

కాంట్రాక్టు డ్రాఫ్టు తెప్పించుకుని రాత్రి కూర్చుని చదివాను. పదకొండో పేరాలో దొరికింది: "ప్రచురణకు ముందు ట్రస్టు ఆమోదం పొందవలెను." గడువు లేదు. ట్రయల్స్ మూడింటిలో రెండు మీరు చెప్పిన "జీతం ప్లస్ రూపాయి" రకమే. మూడోది ఉత్తుత్తి సూదితో, దానికోసమే నన్ను తీసుకుంటున్నారట. అది చూడగానే ప్రాణం లేచొచ్చింది, అదే నా టెన్షన్ కూడా. ఏం అడగాలో చెప్తారా సార్?

పాతలెక్కలు

"ఆమోదం" కొట్టేసి "సమాచారం" అని పెట్టించు. ప్రచురణకు 30 రోజుల ముందు వాళ్లకి కాపీ పంపుతావు, అభిప్రాయం రాస్తే చదువుతావు, మార్చాలా వద్దా అన్నది నీ ఇష్టం. ట్రయల్ మొదలుకాకముందే పబ్లిక్ రిజిస్ట్రీలో నమోదు చెయ్యాలి, దేన్ని ముఖ్య ఫలితంగా కొలుస్తారో అందులో రాసెయ్యాలి. అప్పుడు ఫలితం ఎక్కడుందని బయటివాళ్లెవరైనా అడగొచ్చు. మొదటి రెండు ట్రయల్స్‌కి ఉత్తుత్తి గ్రూపు ఒకటి కలపమని అడుగు, ఒప్పుకోరు, అయినా అడుగు. ఇవన్నీ మెయిల్‌లోనే, ఫోన్లో వద్దు.

మోకాలిచిప్ప

అప్‌డేట్: మెయిల్ పెట్టాను. పెద్దాయనే స్వయంగా జవాబిచ్చారు, చాలా ఆప్యాయంగా. రిజిస్ట్రీకి ఒప్పుకున్నారు. ఉత్తుత్తి గ్రూపుకి బడ్జెట్ లేదన్నారు. పదకొండో పేరా మాత్రం "కమిటీలో పెడతాం, కంగారు పడకు, ముందు చేరిపో" అన్నారు.

పాతలెక్కలు

కమిటీ ఎప్పుడో తేదీ అడిగావా?

మోకాలిచిప్ప

లేదు సార్. ఇప్పుడే అడుగుతున్నాను.